మీ తమ్ముడి జబ్బు సంగతి డాక్టరుకు చెప్పండి

ప్రశ్న: మాది ఎంవీపీ కాలనీ. అబ్బాయికి పదిహేడేళ్లు, ఇంటర్ సెకండియర్. వాడి ఫోన్ కవర్లో గోరంత బొమ్మల కాగితం ముక్క దొరికింది. గట్టిగా అడిగితే ఎల్ఎస్‌డీ అనే మత్తుమందు అని, ఫ్రెండ్స్‌తో రుషికొండలో రెండు మూడుసార్లు తీసుకున్నానని, గంజాయి కూడా తాగానని చెప్పాడు. ఇప్పుడు ఎంతసేపూ దేవుడు, చావు, విశ్వం అంటాడు. చదువుతుంటే అక్షరాలు కదులుతున్నాయంటే కంటి డాక్టరుకు చూపించాం, చూపు బాగానే ఉందన్నారు. వీడి స్వభావమే మారిపోయిందా? మా తమ్ముడు బైపోలార్‌కు (కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు ఉండే జబ్బు) మందులు వాడుతున్నాడు, వీడికీ అలా అవుతుందా? మావారికి ఇంకా చెప్పలేదు.
– ఓ తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముఖ్యమైన మాట మీరు చివర్లో చెప్పారు. మీ తమ్ముడి జబ్బు.

స్వీడన్‌లో 16 వేల మందికి పైగా కవల పిల్లల వివరాలతో చేసిన పరిశోధన ఒకటి 2024లో వచ్చింది. గంజాయిలాంటి ఇతర మత్తుల ప్రభావాన్ని పక్కనపెట్టి చూస్తే, ఎల్ఎస్‌డీ తరహా మత్తులు వాడిన పిల్లల్లో లేనిపోని మాటలు వినిపించడం, అనుమానాలు పెరగడం లాంటి లక్షణాలు ఎక్కువగా ఏమీ కనిపించలేదు. అయితే స్కిజోఫ్రీనియా (లేనివి వినిపించడం, లేనిపోని అనుమానాలు ఉండే మానసిక జబ్బు), బైపోలార్ ముప్పు పుట్టుకతోనే ఎక్కువగా ఉన్న పిల్లల్లో మాత్రం ఈ వాడకంతో పాటు మేనియా లక్షణాలు, అంటే నిద్ర అక్కర్లేనంత అతి హుషారు లాంటివి కూడా ఎక్కువగా కనిపించాయి. దీనివల్లే అది వచ్చిందని ఆ పరిశోధన తేల్చలేదు. మీవాడికి జబ్బు వచ్చి తీరుతుందనీ కాదు. పక్కవాడు తీసుకుని ఏమీ కాకుండా బయటపడొచ్చు, కానీ మేనమామకు బైపోలార్ ఉంది కాబట్టి ఆ ధైర్యం మీవాడు చేయకూడదు. వాడికి ఈ మాట ఇలాగే చెప్పండి. ‘అందరూ పాడైపోతారు’ అంటే వాడు నవ్వుతాడు, బాగానే తిరుగుతున్న ఫ్రెండ్స్‌ని చూస్తున్నాడు కదా.

ఇంకొకటి కూడా చెప్పండి. ఎల్ఎస్‌డీ పేరుతో అమ్మే కాగితంలో నిజంగా ఏముందో చూసి చెప్పలేం. వేరే రసాయనాలు పూసి అమ్మినవి తీసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

స్వభావం గురించి నాకు అంత కంగారు లేదు. కొత్తదేదైనా చూడాలనే ఆత్రం ఉన్న పిల్లలే ముందుగా వీటి జోలికి పోతారు. కాబట్టి ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చడం కష్టం. పదిహేడేళ్లవాడు చావు గురించి అడగడం జబ్బు కాదు. నేనైతే వాడి నిద్ర చూస్తాను. రెండు మూడు గంటలే పడుకుని, పొద్దున్నే అలుపు లేకుండా గలగలా మాట్లాడుతున్నాడా? తనకేదో ప్రత్యేక శక్తి ఉందంటున్నాడా? ఎవరో వెంటపడుతున్నారని తలుపులు వేసుకుంటున్నాడా? ఇందులో ఏది కనిపించినా ఆ రోజే చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లండి. పరీక్షలయ్యాక చూద్దాం అనుకోవద్దు.

ఇవేవీ లేకపోయినా ఈ వారంలో ఒకసారి సైకియాట్రిస్టుకు చూపించాల్సిందే. అక్షరాలు కదలడం, వస్తువుల వెనక నీడ సాగినట్టు కనిపించడం ఎల్ఎస్‌డీ మత్తు దిగాక కూడా కొందరిలో ఉండిపోతాయి. చాలామందిలో మెల్లగా తగ్గుతాయి. గంజాయి తాగితే మళ్లీ ఎక్కువ కావచ్చు, అందుకని ముందు అది ఆపించండి. డాక్టరుకు చెబితే పోలీసులకు తెలుస్తుందని భయపడకండి. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. వెళ్లేలోపు మాట్లాడాలంటే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

మీవారికి చెప్పండి. కాకపోతే అబ్బాయి ఎదురుగా వద్దు, డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నాక చెప్పండి. అప్పుడు ఆయన ముందు తిట్టడం కన్నా చేయాల్సిన పని ఒకటి ఉంటుంది. ఈలోగా తమ్ముడికి ఫోన్ చేసి, జబ్బు ఏ వయసులో మొదలైంది, మొదట ఏం కనిపించింది, ఏ మందు పనిచేసింది అడిగి ఓ కాగితం మీద రాసుకోండి. డాక్టరు మొదట అడిగేవి అవే.