కోడ్ ఇవ్వు, దాని వెనకున్న కారణాలూ ఇవ్వు

విశాఖపట్నం

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇక్కడి కాలేజీ పిల్లలు నీ ఫోటోమెట్రీ స్క్రిప్టులు, అంటే నక్షత్రాల వెలుగు కొలిచే ప్రోగ్రాములు, అడుగుతున్నారనీ, ఇంకా శుభ్రం చెయ్యలేదు కాబట్టి ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నాననీ మొన్న ఫోన్లో అన్నావు. ఇచ్చెయ్యి. శుభ్రం చేశాక ఇద్దామని దాచుకున్న కోడ్ ఎవరి చేతికైనా అందడం నేను చూడలేదు. అయితే ఇచ్చేముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఏ లైను ఎందుకు అలా రాశావో రాసిపెట్టాలి.

నీ స్క్రిప్టులో అపెర్చర్, అంటే వెలుగు కొలవడానికి నక్షత్రం చుట్టూ గీసే వృత్తం, వ్యాసార్థం 8 పిక్సెళ్లు అని ఉంది. అది నీకు ఆకాశం నుంచి దిగివచ్చిన అంకె కాదు కదా. ఆ రాత్రి నీ కెమెరాలో నక్షత్రం వెడల్పు 4 పిక్సెళ్లు వచ్చింది, దానికి రెట్టింపు పెట్టుకున్నావు. ఇక్కడి పిల్లలు డాబా మీద, సముద్రపు తేమలో చిన్న టెలిస్కోపుతో తీస్తారు. నక్షత్రం ఉబ్బిపోతుంది. అదే 8 వాడితే వెలుగులో కొంత బయటే ఉండిపోతుంది. 20 చేస్తే పక్క నక్షత్రం లోపలికొచ్చేస్తుంది. ప్రోగ్రాం మాత్రం రెండుసార్లూ చక్కగా నడుస్తుంది, ఒక్క ఎర్రర్ కూడా రాదు. అందుకే అంకె పక్కన కారణం రాయి, తమ డేటాకి ఎలా ఎంచుకోవాలో రెండు వాక్యాలు రాయి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ టైము మీద పెట్టు. టెలిస్కోపు ఫోటోలు దాచే ఫిట్స్ ఫైలు మొదట్లో వివరాలుండే హెడర్లో, ఫోటో తీసిన టైము చెప్పే డేట్-ఆబ్స్ అని ఒక లైనుంటుంది. చాలా కెమెరాలు దాన్ని ల్యాప్‌టాప్ గడియారం నుంచి తీసుకుంటాయి. సాఫ్ట్‌వేర్ దాన్ని యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైములోకి, మార్చకుండా మన టైమే రాసేస్తే ఐదున్నర గంటల తేడా. ఆ టైము ఎక్స్‌పోజర్ మొదలైనప్పటిదా, మధ్యదా? రెండు నిమిషాల ఎక్స్‌పోజరైతే అక్కడే ఒక నిమిషం జరిగిపోతుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటుంది కాబట్టి ఏడాదిలో నక్షత్రం వెలుగు ఎనిమిది నిమిషాల పైచిలుకు దాకా ముందో వెనకో చేరవచ్చు. అందుకని ఆ టైముని బేరీసెంటర్‌కి, అంటే సౌరకుటుంబం మొత్తం బరువు కేంద్రానికి, దిద్దుతాం. ఆ దిద్దిన టైము యూటీసీలో ఉందా, లీపు సెకన్లు లేకుండా ఆ కేంద్రానికి లెక్కకట్టే టీడీబీ టైములో ఉందా అన్నది చెప్పకపోతే మరో 69 సెకన్ల గందరగోళం. నువ్వు చూసేవి గ్రహణ జంటతారలు, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఒకదాన్నొకటి కప్పేసుకునేవి. వాటి ఆవర్తన కాలంలో మార్పు పట్టాలంటే సెకన్లు కూడా లెక్కే. నీ ఫైళ్లలో ప్రతి కాలమ్ పైనా ఇది ఏ టైమో స్పష్టంగా ఉండాలి.

మన ఊరి మాటే చెప్తాను. డాబాగార్డెన్స్‌లో గోడే జగ్గారావు గారు పెట్టిన అబ్జర్వేటరీ నుంచి ఎ.వి. నరసింగరావు గారు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా వెళ్లడం చూసి, వివరాలు లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. అప్పట్లో సూర్యుడి దూరం కట్టడానికి ఈ శుక్రుడి ప్రయాణం టైములే వాడేవారు, కానీ ఒక్క ఊళ్లో తీసిన టైముతో ఆ దూరం తేలదు. ఎవరు, ఎక్కడ, ఏ గడియారంతో చూశారో తెలిస్తేనే వేర్వేరు చోట్ల లెక్కలు కలుస్తాయి. ఆయన వారసత్వమున్న ఊరి పిల్లలకి నువ్విది నేర్పుతుంటే నాకెంత గర్వంగా ఉందో.

కోడ్‌తో పాటు ఒక రాత్రి డేటా పెట్టు: కెమెరా లోపాలు దిద్దడానికి తీసే బయాస్, ఫ్లాట్ ఫ్రేములు, నక్షత్రాల ముడి ఫ్రేములు, చివర్న నీకొచ్చిన లైట్ కర్వ్, అంటే టైముతో పాటు వెలుగు ఎలా మారిందో చూపే గీత. వాళ్లు నడిపి, పోల్చుకుంటారు. మబ్బు పట్టి పాడైన రాత్రి ఒకటి కూడా తప్పకుండా పెట్టు, ఏయే ఫ్రేములు ఎందుకు తీసేశావో చెప్తూ. బాగున్న డేటాతో అందరూ నేర్చుకుంటారు. ఎక్కడ ఆపాలో పాడైన డేటానే నేర్పుతుంది. అబ్జర్వేటరీ వాళ్లు ఇంకా బయటపెట్టని డేటా మాత్రం ముట్టుకోకు, మీ గైడ్‌ని ఒక మాట అడుగు.

లైసెన్సు ఫైలు మరిచిపోకు. అది లేకపోతే కోడ్ కనబడుతున్నా వాడుకునే హక్కు ఎవరికీ ఉండదు. నువ్వు వాడే ఖగోళ లెక్కల పైథాన్ లైబ్రరీ ఆస్ట్రోపై, ఎవరైనా వాడుకోనిచ్చే బీఎస్‌డీ లైసెన్సుతో ఉంది, నీకూ అది చాలు. పైథాన్, ఆస్ట్రోపై వెర్షన్లు రాసిపెట్టు. పరిశోధన ఫైళ్లు దాచే జెనోడో వెబ్‌సైట్లో ఎక్కిస్తే డీఓఐ, అంటే మారని గుర్తింపు నంబరు, వస్తుంది, వాళ్లు నీ పనిని పేపర్లో ప్రస్తావించడానికి వీలవుతుంది. ఖగోళ చిత్రాల పాత సాఫ్ట్‌వేర్ ఐరాఫ్‌ని తయారుచేసిన, అమెరికాలోని టూసాన్ సంస్థ దాన్ని ఆపేశాక కూడా అది బతికుందంటే, సోర్సు అందుబాటులో ఉండి వాలంటీర్లు ఎత్తుకోబట్టే.

సెలవులకి వచ్చినప్పుడు ఆ పిల్లల పక్కన కూర్చో. కీబోర్డు వాళ్ల చేతిలోనే ఉండనీ, ఎంత ఆలస్యమైనా నువ్వు ముట్టుకోకు. వాళ్లు ఆగిన ప్రతిచోటా నీ రాతలో ఏదో లోపించిందని అర్థం, ఆ రాత్రే కలుపు. వాట్సాప్‌లో జవాబిస్తే ఒక్కరికే అందుతుంది. వచ్చే ఏడాది వచ్చేవాళ్లు మళ్లీ అదే అడుగుతారు.

అందరికీ ఇచ్చేముందు నాకు పంపు. నా ల్యాప్‌టాప్‌లో నీ సెటప్ ఏమీ లేదు. నువ్వు రాసింది మాత్రమే చూసుకుంటూ నడుపుతాను, ఎక్కడ ఆగితే ఆ లైను నంబరు ఫోన్ చేసి చెప్తాను.

ఇట్లు,
పెద్దమ్మ