కొత్త ర్యామ్ వేశాక వర్క్‌స్టేషన్ బూట్ కాకపోవడం: సమాధానం

జియాన్ ఈ5-1650 వీ3 ప్రాసెసర్ ఉన్న మీ వర్క్‌స్టేషన్‌లో పాత 8 జీబీ స్టిక్కులు రెండింటి పక్కన కొత్తగా రెండు 16 జీబీ స్టిక్కులు పెట్టగానే బీప్ శబ్దాలు వచ్చి బూట్ ఆగిపోతోందని రాశారు. మదర్‌బోర్డు పాడైందన్న బెంగ అక్కర్లేదండి. పాత స్టిక్కులతో మామూలుగానే నడుస్తోంది కనుక ముందుగా అనుమానించాల్సింది ర్యామ్ రకాన్నే. లేబుల్ మీద ‘2133పీ’ తరువాత గీత పక్కన ‘ఆర్’ అక్షరం ఉంటే అది రిజిస్టర్డ్ ర్యామ్ (సంకేతాలను మధ్యలో ఒక చిప్ ద్వారా పంపే సర్వర్ రకం), ‘యూ’ ఉంటే సాధారణ డెస్క్‌టాప్ ర్యామ్. రెండూ డీడీఆర్4 అనే ఒకే తరానివి కావడం వల్ల స్లాటులో చక్కగానే కూర్చుంటాయి గానీ, ఒకే బోర్డులో కలిసి పనిచేయవు. పాతవాటి మీద ‘ఆర్’ ఉండి కొత్తవాటి మీద ‘యూ’ కనిపిస్తే, కొత్తవి వాపసు ఇచ్చి రిజిస్టర్డ్ ఈసీసీ (డేటాలో తప్పులను సరిదిద్దే) స్టిక్కులు తీసుకోండి. ఈ ప్రాసెసర్‌కు మెమరీ ఛానళ్లు (ర్యామ్‌తో డేటా ఇచ్చిపుచ్చుకునే దారులు) 4 ఉన్నాయి కాబట్టి, ఒకే సామర్థ్యం గల నాలుగింటిని మాన్యువల్‌లో చూపిన స్లాటుల్లో అమర్చడమే నా దృష్టిలో మేలు.

మీరు అడిగిన కొత్త గ్రాఫిక్స్ కార్డు సంగతికొస్తే, దాన్ని పెట్టే స్లాటు ద్వారా అందేది 75 వాట్లే. పవర్ సప్లై నుంచి వచ్చే 6 పిన్‌ల కనెక్టర్ మరో 75, 8 పిన్‌లది 150 వాట్లు ఇస్తుంది. ఇలాంటి యంత్రాల్లో పవర్ సప్లై తరచుగా తయారీదారు సొంత ఆకృతిలో ఉంటుంది, బయట కొన్నది అందులో పట్టకపోవచ్చు. అందుకే కార్డు ఎంచుకునే ముందే పెట్టె తెరిచి ఆ కనెక్టర్లను లెక్క చూసుకోండి.