గాంబియాలో 10 రోజులు: హోటల్ ఒకే చోట తీసుకోకండి

డిసెంబరు చివర్లో భార్యాభర్తలిద్దరం హైదరాబాద్ నుంచి గాంబియా వెళ్తున్నాం, 10 రోజుల సెలవు, ఇద్దరం శాకాహారులం, సముద్రం ఒడ్డున ఒకే హోటల్లో ఉండి అక్కడి నుంచే దేశమంతా చూసి రావచ్చా అని అడిగారు. రాలేరండీ. 2023 జనవరిలో నేనూ మా ఆవిడా సరిగ్గా ఇదే ఆలోచనతో వెళ్లి, మూడో రోజుకే తప్పు తెలుసుకున్నాం.

మ్యాప్ చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఆఫ్రికా ప్రధాన భూభాగంలో అన్నిటికన్నా చిన్న దేశం, విస్తీర్ణంలో దాదాపు మన ఉమ్మడి గుంటూరు జిల్లా అంత. కానీ ఆ గుంటూరును తాడులా సాగదీసి నదికి అటూ ఇటూ పరిచారనుకోండి, అదీ గాంబియా. పొడవు 300 కిలోమీటర్ల పైమాటే, వెడల్పు ఎక్కడా 50 దాటదు. మూడు వైపులా సెనెగల్, నాలుగో వైపు అట్లాంటిక్. కాబట్టి దూరాన్ని కిలోమీటర్లలో లెక్కపెట్టకండి, నదిని ఎన్నిసార్లు దాటాలో లెక్కపెట్టండి.

మేము అది లెక్కపెట్టలేదు. రాజధాని బంజుల్ నుంచి అవతలి గట్టున ఉన్న బర్రాకు ఫెర్రీలో దాటి, నది ఒడ్డునున్న జుఫురే అనే పల్లె చూసి, సాయంత్రానికి హోటల్‌కు వచ్చేద్దామని బయలుదేరాం. ఫెర్రీ కోసమే మూడు గంటలు ఎండలో నిలబడ్డాం. లారీలు, కాళ్లు కట్టిన మేకలు, బియ్యం బస్తాలు, నెత్తిన పరుపు పెట్టుకున్న ఒక పెద్దాయన, ఆ తర్వాత మేము. జుఫురే నుంచి పడవలో కుంటా కింటే దీవికి చేరేసరికి తిరుగు ఫెర్రీ గుబులు పట్టుకుంది. బానిసల వ్యాపారం సాగిన కాలపు కోట అక్కడ ఉంది. 2011 వరకు ఆ దీవి పేరు జేమ్స్ ఐలాండ్. గోడలు సగం కూలాయి, మిగిలిన నేలను నది అంచుల నుంచి కొరుక్కుంటూ వస్తోంది, మధ్యలో మొండి బావోబాబ్ చెట్లు. అలాంటి చోట నేను గడియారం చూసుకుంటూ తిరిగాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

మళ్లీ వెళ్తే ఇలా వెళ్తాను. మొదటి మూడు రోజులు కొలోలి, కోటు, బకావు వైపు తీరంలో. తర్వాత కారు, డ్రైవరు మాట్లాడుకుని నదికి దక్షిణపు గట్టున జంజన్‌బురే దాకా. అది నది మధ్యలో ఉన్న దీవి పట్టణం. రెండు రాత్రులు అక్కడే. తిరుగు ప్రయాణం ఉత్తరపు గట్టున: వాసు అనే ఊరి దగ్గరి రాతి వలయాలు, జుఫురేలో ఒక రాత్రి, చివరికి బర్రా నుంచి ఫెర్రీ. అంటే ఆ ఫెర్రీ ఒక్కసారే ఎక్కుతారు. అవసరమైతే మధ్యలో ఫరాఫెన్ని దగ్గర 2019లో తెరిచిన వంతెన ఉంది.

జంజన్‌బురే నుంచి పడవలో వెళ్తే నదిలో చింపాంజీల దీవులు వస్తాయి. బంధనం నుంచి తప్పించిన చింపాంజీలను 1979 నుంచి అక్కడ పెంచుతున్నారు. దీవి మీద కాలు పెట్టనివ్వరు, పడవలోంచే చూడాలి. మాకు ఒక్కటే కనిపించింది, కొమ్మ మీద మాకు వీపు పెట్టి కూర్చుంది. నీటి గుర్రాలు మాత్రం బాగా కనిపించాయి. పక్షులంటే ఇష్టమైతే బైనాక్యులర్ మరిచిపోకండి, 500కు పైగా జాతులున్న దేశం. వాసులో ఎర్రటి లాటరైట్ రాతి స్తంభాలు మనిషెత్తున వలయాలుగా నిలబడి ఉంటాయి, పాతకాలపు సమాధుల చుట్టూ. వచ్చినవాళ్లు వాటి నెత్తిన చిన్న చిన్న రాళ్లు పెట్టి వెళ్తారు. మా ఆవిడ కూడా ఒకటి పెట్టింది, ఏం కోరుకుందో చెప్పలేదు.

తిండి గురించి మీకున్న భయం కొంత నిజమే. మాంసం వద్దంటే చేప వేస్తారు, వాళ్ల లెక్కలో చేప మాంసం కాదు. రెండూ వద్దని విడివిడిగా చెప్పండి. వేరుశనగ అక్కడి ముఖ్యమైన పంట. ఆ ముద్దతో చేసే దొమోదా అనే చిక్కటి పులుసును కూరగాయలతో చేసిపెట్టమంటే చేస్తారు, అన్నంలోకి కమ్మగా ఉంటుంది. ఇక వోంజో అని ఎర్రటి పానీయం ఇస్తారు. ఒక గుక్క తాగి మా ఆవిడ గ్లాసు కింద పెట్టి, ‘ఇది గోంగూర కదండీ’ అంది. నిజమే, ఎర్ర గోంగూర జాతి మొక్క కాయల మీది ఎర్రటి రేకులతో చేస్తారు. ఆకును కూడా ఉడికించి మెత్తగా మెదిపి అన్నం పక్కన పెడతారు. పుల్లగా, అచ్చం మనదే, తాలింపు ఒక్కటే తక్కువ. ఆవకాయ సీసా తీసుకెళ్లండి గాని, గోంగూర పచ్చడి మోయకండి.

టీకా విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. ఎల్లో ఫీవర్ టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేయించుకున్న 10 రోజులకు గాని సర్టిఫికెట్ చెల్లదు. అది లేకుండా తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే ఆపి, 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. మలేరియా మాత్రలు డాక్టరును అడిగి ముందే మొదలుపెట్టండి. వీసా సంగతి టికెట్ కొనకముందే తేల్చుకోండి. డబ్బు తీరంలోనే మార్చుకోండి, లోపలి ఊళ్లలో ఏటీఎం నమ్ముకోవద్దు. మాకు కనిపించిన పెద్ద నోటు 200 దలసీలది (అక్కడి కరెన్సీ పేరు అది), కాబట్టి జేబు ఉబ్బుతుంది.

బీచ్‌లో కుర్రాళ్లు స్నేహంగా మాట కలిపి వెంట నడుస్తారు, తర్వాత డబ్బో, మార్కెట్‌కు తీసుకెళ్లే పనో అడుగుతారు. విసుక్కోకండి. ముందు సలాం చెప్పి, క్షేమం అడిగి, ఆ తర్వాత వద్దనండి. పలకరింపు లేకుండా పని మాట ఎత్తడం అక్కడ మొరటుతనం, దుకాణంలోనైనా అంతే. తీరంలోని తాంజి అనే జాలర్ల ఊళ్లో సాయంత్రం చేపల పడవలు వచ్చే వేళకు వెళ్లండి, శాకాహారులైనా సరే. రంగులు వేసిన పడవల నుంచి నడుము లోతు నీళ్లలో చేపలు దించుతుంటే చూడాలి. ఫోటోకు మాత్రం ముందు అడగండి.

ఒక రోజు ఏ పనీ పెట్టుకోకుండా ఖాళీగా ఉంచండి, అది ఎలాగూ ఫెర్రీ తినేస్తుంది. విమానం ముందు రాత్రి మాత్రం బర్రా వైపు ఉండొద్దు, ఇవతలి గట్టుకు వచ్చేయండి.