వినీ నమ్మని తమ్ముడు

గుణుపురం నుంచి ఒక అక్క రాశారు: “నేనూ తమ్ముడూ చిన్నప్పుడు ఒకే చర్చిలో ఒకే వాక్యం విన్నాం. నాకు విశ్వాసం కలిగింది. వాడు మాత్రం అయిదేళ్లుగా గుడి గడప తొక్కడం లేదు. రాయగడలో కాగితం మిల్లులో పని. అమ్మ బరంపురం ఆసుపత్రిలో ఉన్నప్పుడు సంఘంవాళ్లు కొందరు ‘విశ్వాసం చాలకే స్వస్థత రాలేదు’ అన్నారు. వాడు అది మరిచిపోలేదు. రోజూ తెల్లవారగానే వాడికి ఫోనులో వచనాలు పంపుతున్నాను, జవాబు లేదు. దేవుడే వాడి కళ్లు మూశాడని మా సంఘపెద్ద యెషయా గ్రంథం చదివి చెప్పారు, వదిలేయమన్నారు. మే నెలలో మా అమ్మాయి పెళ్లి. వాణ్ణి పిలవాలా?”

పిలవండమ్మా. మేనమామ లేకుండా ఆ పిల్లకు పెళ్లేమిటి?

ఇక మీ పెద్దగారు చదివిన వాక్యం. వింటారు గాని గ్రహించరు, చూస్తారు గాని తెలుసుకోరు అన్నది యెషయా 6వ అధ్యాయంలోని మాట. కఠినమైన మాటే, నేను దాన్ని మెత్తబరచను. వాక్యాన్ని విత్తనంతో, వినేవాళ్ల మనసును నేలతో పోల్చిన విత్తువాని ఉపమానం చెప్పినప్పుడు యేసు దాన్ని ఎత్తి చెప్పాడు. అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయంలో అపొస్తలుడైన పౌలూ ఎత్తి చెప్పాడు. నిర్గమకాండమైతే దేవుడు ఐగుప్తు రాజు ఫరో హృదయాన్ని కఠినపరిచాడని ఒకచోట, ఫరోయే కఠినపరచుకున్నాడని మరోచోట చెప్పి, రెంటినీ అలాగే ఉంచింది. అంతుచిక్కని ఆ చోట మనం తొందరపడి తీర్పు చెప్పకూడదు.

పౌలు కథ ఆ వచనంతో ఆగలేదు. రోములో ఆయన మాట విన్నవాళ్లలో కొందరు నమ్మారు, కొందరు నమ్మలేదు. వెళ్లిపోతున్న వాళ్లకు యెషయా మాట వినిపించిన తరువాత, పౌలు రెండేళ్లపాటు తన అద్దె ఇంట్లోనే ఉండి, వచ్చినవాళ్లందరినీ ఆదరించాడు. తలుపు మూయలేదు. నమ్మని తన యూదు జనం కోసం గుండెలో ఎడతెగని వేదన ఉందని రోమా పత్రిక 9వ అధ్యాయంలో రాసింది కూడా ఆయనే. ఆ వేదన లేకుండా ఆ వచనం పట్టుకున్నవాళ్లను చూస్తే నాకు భయం.

ఉపమానంలో త్రోవపక్కన పడిన విత్తనాలు ఉన్నాయి కదా. వంశధార ఒడ్డున పొలాల మధ్య కాలిబాటను చూసే ఉంటారు. పక్కన పంట పండే మట్టీ అదే, బాటలోనిదీ అదే. నడిచీ నడిచీ గట్టిపడింది. ఉపమానం ఈ మాట అనలేదు, ఇది నేను చదువుకున్న తీరు. కానీ మీ అమ్మ మంచం పక్కన మీ తమ్ముడి మనసును ఎవరు తొక్కుకుంటూ నడిచారో మీరే రాశారు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, కన్నవాళ్లదీ కాదు అన్నాడు యేసు. ఆసుపత్రిలో ఆ మాట చెప్పేవాళ్లు మీ అమ్మకు ఒక్కరూ దొరకలేదు. మీ తమ్ముడు కాదన్నది యేసునా, లేక ఆ రోజు విన్న మాటనా? అడిగి తెలుసుకోవలసింది ఇదే.

యేసు సొంత తమ్ముళ్లు కూడా ఆయన్ను నమ్మలేదని యోహాను సువార్త 7వ అధ్యాయం దాచకుండా చెప్పింది. వాళ్లలో యాకోబు తరువాత యెరూషలేము సంఘానికి స్తంభమయ్యాడు. తిరిగి లేచిన యేసు అతనికి కనబడ్డాడని కొరింథీయుల మొదటి పత్రికలో ఒక్క ముక్క ఉంది. ఇంట్లో ఎవరో వాదించి అతణ్ణి నమ్మించినట్లు ఎక్కడా లేదు.

కాబట్టి ఫోనులో వచనాలు పంపడం ఆపండి. ప్రార్థన మానమని కాదు. బస్సెక్కి రాయగడ వెళ్లండి. అమ్మ చివరి రోజుల గురించి వాణ్ణి మాట్లాడనివ్వండి, కోపంగా మాట్లాడినా సరే, మధ్యలో అందుకోకండి. ఆ రోజు ఆ మాటలు విని మీరు ఊరుకుని ఉంటే, అందుకు క్షమించమని అడగండి. శుభలేఖ మీ చేత్తోనే ఇవ్వండి. దాని మీద వాక్యం ఎలాగూ అచ్చయి ఉంటుంది, మీరు చదివి వినిపించనక్కరలేదు.