వాహన సందేహాలు: ఘాటీలో మిణుకుమన్న పసుపు దీపం

ప్రశ్న: మాది కోరాపుట్ జిల్లా సునాబెడా. 2018లో కొన్న నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు వాడుతున్నాను. పదిహేను రోజుల క్రితం సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కుతుండగా పెద్ద వర్షం పట్టుకుంది. సగం దూరంలో ఇంజన్ మిస్సింగ్ కొట్టి బండి కుదుపులు వేసింది. చెక్ ఇంజన్ లైటు కాసేపు ఆరుతూ వెలుగుతూ ఉండి, పొట్టంగి చేరేసరికి నిలకడగా వెలగసాగింది. ఇక్కడి మెకానిక్ బ్యాటరీ టెర్మినల్ తీసి పెడితే ఆరింది కానీ, రెండు రోజులకే మళ్లీ వచ్చింది. బ్లూటూత్ స్కానర్ తెప్పించి చూస్తే పి0302, పి0420 అనే రెండు కోడ్‌లు కనిపించాయి. క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలని ఒకరు, ఎత్తయిన ప్రదేశంలో ఇంతేనని మరొకరు అంటున్నారు. ఇంటి దగ్గర నేనే చూసుకోదగినది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. కన్వర్టర్ కొనే ఆలోచన మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీకు కనిపించిన రెండు కోడ్‌లలో మొదటిది కారణానికి దగ్గరగా ఉన్నది, రెండోది బహుశా దాని పర్యవసానం. పి0302 అంటే రెండో సిలిండర్‌లో ఇంధనం సరిగా మండడం లేదని అర్థం. పి0420 అంటే కన్వర్టర్ పొగను శుభ్రం చేసే సామర్థ్యం ఉండవలసిన దానికంటే తక్కువగా కనిపిస్తోందని అర్థం. సిలిండర్‌లో మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి వెళ్లి కన్వర్టర్‌లో మండుతుంది, ఆ వేడికి లోపలి తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మ కరిగిపోయే ప్రమాదం కూడా ఉంది. లైటు ఆరుతూ వెలుగుతూ హెచ్చరించేది ఇందుకే. ఇకపై ఎప్పుడైనా అలా మిణుకుమంటే యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేసి, మలుపులో కాకుండా రోడ్డు వెడల్పుగా ఉన్న చోట బండిని పక్కకు ఆపండి. నూనె డబ్బా బొమ్మతోనో థర్మామీటర్ బొమ్మతోనో ఎర్ర దీపం వెలిగితే అది వేరే సంగతి. అప్పుడు సురక్షితంగా ఆపిన మరుక్షణం ఇంజన్ కట్టేయాలి.

బ్యాటరీ టెర్మినల్ తీయడం మన ప్రాంతమంతటా వాడుకలో ఉన్న చిట్కా కాబట్టి దాని గురించి కొంచెం గట్టిగానే చెప్పవలసి వస్తోంది. అది మరమ్మతు కాదు. ఇంజన్ కంప్యూటర్ కోడ్‌తో పాటు, లోపం కనిపించిన క్షణంలో ఇంజన్ వేగం ఎంత, దాని మీద బరువు ఎంత, కూలెంట్ ఎంత వేడిగా ఉంది అనే వివరాలను ఫ్రీజ్ ఫ్రేమ్ అనే పేరుతో దాచి ఉంచుతుంది. టెర్మినల్ తీస్తే చాలా బండ్లలో ఆ వివరాలన్నీ చెరిగిపోతాయి, లోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. కాబట్టి ఈసారి ఏదీ చెరపకముందే స్కానర్‌లో ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిచి, అంకెలన్నీ కాగితం మీద రాసుకోండి. బరువు ఎక్కువగా ఉన్న సమయంలోనే మిస్సింగ్ వచ్చినట్టు అందులో తేలితే అనుమానం ముందుగా స్పార్క్ ప్లగ్ మీదకూ ఇగ్నిషన్ కాయిల్ మీదకూ పోతుంది. ఘాటీ ఎక్కేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో నిప్పురవ్వ దూకాలంటే మరింత వోల్టేజీ కావాలి. బలహీనపడిన కాయిల్ చదును రోడ్డు మీద నెట్టుకొచ్చినా అక్కడ చేతులెత్తేస్తుంది.

ఇక పని విషయం. ఇంజన్ పూర్తిగా చల్లారాక, తాళం తీసేసి బానెట్ ఎత్తండి. ప్రతి సిలిండర్ మీద విడి కాయిల్ ఉన్న బండి అయితే, రెండో సిలిండర్ కాయిల్ కనెక్టర్ విప్పి, బోల్టు తీసి, కాయిల్‌ను నిటారుగా పైకి లాగండి. (ఏది ఒకటో సిలిండరో బండి పుస్తకంలో చూసుకోవాలి, ఊహించకూడదు.) ఆ గుంతలో నీరు ఉందా, ఇంజన్ ఆయిల్ ఉందా అని టార్చి వేసి చూడండి. మీ బండి వానలో మొరాయించింది కాబట్టి నీరు కనిపించే అవకాశం బాగా ఉంది. అద్దం కింది జాలీలో ఆకులు పేరుకుని నీరు పోయే దారి మూసుకుపోతే అది పొంగి ఇంజన్ మీద పడే అమరిక కొన్ని బండ్లలో ఉంది. కొండల్లో చెట్ల కింద బండి నిలిపేవారు ఆ జాలీని వానాకాలానికి ముందే శుభ్రం చేసుకోవాలి. ఆయిల్ ఉంటే మాత్రం పైమూత గాస్కెట్ పోయినట్టే.

గుంతలో చెత్త ప్లగ్ రంధ్రంలోంచి సిలిండర్‌లోకి జారకుండా ముందు గాలితో ఊది, తరువాతనే ప్లగ్ విప్పండి. తెల్లని పింగాణీ మీద పెన్సిల్ గీతలా నల్లని చార నిలువుగా కనిపిస్తే, కరెంటు లోపలికి పోకుండా పక్కనుంచి దూకుతోందన్నమాట. అప్పుడు ప్లగ్‌తో పాటు కాయిల్ కింది రబ్బరు గొట్టాన్నీ మార్చాలి, లేకపోతే కొత్త ప్లగ్ మీదా అదే చార పడుతుంది. ప్లగ్ బిగించేటప్పుడు పానా వాడకముందు మొదటి మరలన్నీ వేళ్లతోనే తిప్పండి. సిలిండర్ హెడ్ అల్యూమినియంది, ఒక్క మర తప్పి ఎక్కితే వందల రూపాయల పని వేలలోకి పోతుంది.

ప్లగ్ బాగానే ఉంటే రెండో సిలిండర్ కాయిల్‌ను మూడో దానిలో, మూడో దాన్ని రెండో దానిలో అమర్చి, ఇప్పుడు స్కానర్‌తో కోడ్‌లు చెరిపి, బండిని సెమిలిగుడా దాకా ఎత్తు ఉన్న దారిలో నడిపి రండి. ఈసారి పి0303 వస్తే లోపం కాయిల్‌తో పాటే కదిలింది, కాబట్టి కాయిల్ మార్చాలి. మళ్లీ పి0302యే వస్తే ప్లగ్‌లను కూడా అలాగే మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, దాని వైరింగు, సిలిండర్ కంప్రెషన్ మిగులుతాయి. అవి గేజీ ఉన్న మెకానిక్ చేతికి అప్పగించవలసిన పనులు. మిస్సింగ్ పూర్తిగా పోయిన తరువాత వారం పది రోజులు మామూలుగా నడిపి, పి0420 తిరిగి వస్తుందో లేదో చూడండి. ఇంజన్ బాగా వేడెక్కి కొంతసేపు నిలకడగా నడిస్తేనే కంప్యూటర్ కన్వర్టర్‌ను పరీక్షిస్తుంది కాబట్టి తొందరపడి తీర్పు చెప్పలేము. కోడ్ తిరిగి వచ్చినా, ముందు పొగగొట్టంలో లీకు లేదని చూసుకున్నాకే కన్వర్టర్ మాట ఎత్తాలి.

ఎత్తు గురించి అన్నవారి మాట సరికాదు. సముద్రతీరాన గాలి ఒత్తిడి సుమారు 101 కిలోపాస్కల్స్ ఉంటే, సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న మీ ఊరిలో అది 91 దాకా ఉంటుంది. గాలి పలచన కాబట్టి ఇంజన్ బలం కొంత తగ్గే మాట నిజమే, కానీ కంప్యూటర్ ఆ ఒత్తిడిని కొలిచి పెట్రోలును దానికి తగ్గట్టు తగ్గించుకుంటుంది. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, స్కానర్‌లో మ్యానిఫోల్డ్ ప్రెజర్ లేదా బారోమెట్రిక్ ప్రెజర్ చూడండి. ఇంచుమించు 91 చూపితే ఆ సెన్సార్ నిజం చెబుతున్నట్టే.

ప్రశ్న: పర్లాకిమిడిలో వ్యాపారం చేస్తున్నాను. నా డీజిల్ కారు 2021 మోడల్, రోజూ ఊళ్లోనే మూడు నాలుగు కిలోమీటర్లు తిరుగుతుంది. డీపీఎఫ్ లైటు నెలకోసారి వెలుగుతోంది. ఏం చేయాలి?

జవాబు: 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాలతో డీజిల్ కార్లకు పొగలోని మసిని పట్టే ఈ ఫిల్టరు వచ్చింది. పట్టిన మసి మండిపోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి, మూడు కిలోమీటర్ల ప్రయాణంలో అది రాదు. ఆ లైటు ఒక్కటే వెలిగినప్పుడు పాతపట్నం మీదుగా టెక్కలి దాకా వెళ్లి, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఇరవై నిమిషాలు ఆగకుండా, ఒకే వేగంతో నడపండి. తరువాత బండిని ఎండుగడ్డి మీద నిలపకండి. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన గడ్డి మీదుగా పోయినా ఒకసారి దిగి కిందికి చూసుకోండి, ఆ సమయంలో పొగగొట్టం అంత వేడిగా ఉంటుంది. నెలకోసారి డిప్‌స్టిక్ కూడా తీసి చూడండి. మసి కాల్చే ప్రయత్నం మధ్యలో ఆగిపోతూ ఉంటే చాలా ఇంజన్లలో డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మట్టం పైగీత దాటితే మార్పించే దాకా బండి తీయవద్దు. డీపీఎఫ్ లైటుతో పాటు ఇంజన్ లైటు కూడా వెలిగి పికప్ పడిపోతే హైవే ప్రయోగం చేయకుండా నేరుగా వర్క్‌షాపుకు తీసుకువెళ్లండి.

ప్రశ్న: స్కానర్‌ను ఎప్పుడూ పోర్టులోనే ఉంచవచ్చా? (రాయగడ)

జవాబు: వద్దు. స్టీరింగ్ కింది ఆ పదహారు పిన్నుల పోర్టుకు తాళం తీసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. ఊరికి వెళ్లి వారం రోజులు బండి కదపకపోతే, పాతబడిన బ్యాటరీ దిగిపోవచ్చు. చదవడం అయిపోగానే తీసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోండి.