రోజూ తిరగడానికి నమ్మకమైన కారు ఏది? 92 వేల కిలోమీటర్లు తిరిగాక నేను చెప్పేది

"హైదరాబాద్‌లో రోజూ ఆఫీసుకు పోయి రావాలి, నెలకోసారి ఊరెళ్లాలి, ఇంట్లో అమ్మానాన్న, చిన్న పాప ఉన్నారు. పది లక్షల లోపు ఒక్క కారుతోనే అన్నీ గడవాలి, ఏది కొనమంటారు?" అని అడిగారు. అచ్చం ఇదే లెక్కతో 2019లో నేనూ షోరూమ్‌ల చుట్టూ తిరిగాను. చివరికి వ్యాగన్ ఆర్ 1.2 పెట్రోలు, మాన్యువల్ గేరుది తీసుకున్నాను. ఇప్పటికి 92 వేల కిలోమీటర్లు తిరిగింది. అయినా మిమ్మల్ని కళ్లు మూసుకుని అదే కొనమని అనను. ఎందుకో చెప్పాలంటే దానికి ముందున్న బండి సంగతి చెప్పాలి.

2015లో ఒక సెకండ్ హ్యాండ్ డీజిల్ సెడాన్ కొన్నాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. లోపల మెత్తటి సీట్లు, హైవే మీద అతుక్కుని పోయేది. అలాంటి బండి మా ఏరియా మొత్తంలో ఇంకొకటి కనిపించేది కాదు, నాకు అదే గొప్పగా ఉండేది. మా ఊరు కోదాడ దగ్గర. 2018 ఎండాకాలంలో అమ్మను హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకొస్తుంటే, రాత్రి తొమ్మిదిన్నరకి సూర్యాపేట దాటాక టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతలోకి వెళ్లింది. వాటర్ పంపు పోయింది. సూర్యాపేట నుంచి వచ్చిన మెకానిక్ బానెట్ ఎత్తి, టార్చి వేసి చూసి, "అన్నా, పని నాకు వచ్చు. కానీ ఈ పంపు సూర్యాపేటలో ఎవరి దగ్గరా దొరకదు" అన్నాడు. అమ్మ రోడ్డు పక్కన రాతి మీద కూర్చుంది. ఇంకో బండి మాట్లాడుకుని వచ్చేసరికి తెల్లవారుజామున రెండు. కారును టోయింగ్‌లో హైదరాబాద్ తెప్పిస్తే, పార్టు వచ్చి బండి చేతికందడానికి 23 రోజులు పట్టింది.

ఆ రాత్రి తర్వాత నమ్మకమైన కారు అన్న మాటకు నా అర్థం మారిపోయింది. చెడిపోని కారు ఉండదండి. చెడిపోయిన చోటే బాగుచేసేవాడు, ఆ పార్టు అమ్మే కొట్టు దొరికే కారే నమ్మకమైనది. అందుకే మోడల్ పేరు కంటే ముందు మీ ఊరి దారి చూసుకోండి. ఆ దారిలోని పట్టణాల్లో ఏ కంపెనీ సర్వీస్ సెంటర్లు ఉన్నాయి, రోడ్డు పక్క మెకానిక్ షెడ్లలో ఏ బండ్లు నిలబడి ఉన్నాయి? ట్యాక్సీ వాళ్లు ఏవి నడుపుతున్నారో చూడండి. వాళ్లకు బండి ఒక్కరోజు ఆగితే ఆ రోజు కూలి పోయినట్టే, కాబట్టి ఊరికే ఏదీ కొనరు.

2022 సంక్రాంతికి ఊళ్లో ఉండగా ఎలుక వైరింగ్ కొరికేసి మా వ్యాగన్ ఆర్ స్టార్ట్ కాలేదు. పండగపూట కోదాడ నుంచి ఒక కుర్రాడు బైకు మీద వచ్చి, ఏ వైరు ఎటు పోతుందో చూడకుండానే చెబుతూ గంటలో అతికించి వెళ్లాడు. అంతకుముందు అలాంటివి పదులకొద్దీ విప్పాడట.

ఇక ఆ కారునే ఎందుకు ఎంచుకున్నానంటే, ఎంచుకున్నది నేను కాదు, అమ్మ మోకాళ్లు. షోరూమ్‌కు ఒక్కడినే వెళ్లినప్పుడు స్విఫ్ట్ నచ్చింది. నడిపితే నిజంగా ఆనందంగా ఉంటుంది, ఇప్పటికీ ఆ మాటే అంటాను. రెండోసారి అమ్మను తీసుకెళ్లాను. ఆమె స్విఫ్ట్ వెనక సీట్లోకి తల వంచి, నడుము వంచి దిగబడినట్టు కూర్చుంది. లేవడానికి నా చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. పక్కనే ఉన్న వ్యాగన్ ఆర్‌లో తలుపు తీసి, ఇంట్లో కుర్చీలో కూర్చున్నట్టు పక్కకు జరిగి కూర్చుంది, అలాగే లేచింది. ఆ బండి ఎత్తు 1675 మిల్లీమీటర్లు, సీటు సరిగ్గా ఆమె నడుము ఎత్తులో ఉంటుంది. బ్రోచర్లో మైలేజీ, పవరు, టచ్ స్క్రీన్ సైజు అన్నీ రాస్తారు గానీ నేల నుంచి సీటు ఎంత ఎత్తో రాయరు. పెద్దవాళ్లున్న ఇంట్లో అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే.

డిక్కీ 341 లీటర్లు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒక పాతిక కిలోల బియ్యం బస్తా, పచ్చళ్ల జాడీలు, అరిసెల డబ్బా, రెండు సూట్‌కేసులు సర్దుకుంటాం. పొడవు 3655 మిల్లీమీటర్లే కాబట్టి మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో స్తంభాల మధ్య ఒక్క తిప్పులో పడుతుంది. ఎల్బీ నగర్ నుంచి హైటెక్ సిటీ వరకు రోజూ నడిపేవాడికి ఈ చిన్నతనం ఎంత హాయో చెప్పలేను.

ఖర్చు కూడా చెబుతాను. టాంకు నిండా పోయించి, మళ్లీ నింపినప్పుడు లెక్కగట్టే పద్ధతిలో సిటీలో లీటరుకు 14, 15, హైవేలో ఎనభై దాటకుండా వెళితే 19 వరకు వచ్చింది. కంపెనీ చెప్పే అంకె పరీక్ష గదిలో వచ్చేది, దాన్ని పట్టుకుని నెల బడ్జెట్ వేసుకోవద్దు. ఏడాదికోసారి లేదా పదివేల కిలోమీటర్లకు సర్వీసు, ఐదారు వేలు. నాలుగో ఏట బ్యాటరీ, 45 వేల దగ్గర టైర్లు, 70 వేలు దాటాక క్లచ్ ప్లేటు మార్చాను. ఆరేళ్లలో రోడ్డు మీద నిలబడిపోయింది ఎలుక పుణ్యమా అని ఆ ఒక్కసారే.

అయినా మిమ్మల్ని ఆపుతున్నది భద్రత. 2019లో నేను దీన్ని పట్టించుకోలేదు, ఇప్పుడు పాపను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తిరుగుతుంటే మనసులో ముల్లులా ఉంటుంది. కార్లను గుద్దించి చూసి ఐదు స్టార్లకు ఎన్నో చెప్పే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్. 2023లో వాళ్లు పరీక్షించిన వ్యాగన్ ఆర్‌కు పెద్దవాళ్ల రక్షణలో ఒక్క స్టార్, పిల్లల రక్షణలో సున్నా వచ్చింది. 2025 నుంచి ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలోనూ ఇస్తున్నారు, సంతోషమే. కానీ ఎయిర్‌బ్యాగు దిండు లాంటిది, గోడ కాదు. గుద్దుకున్నప్పుడు మనుషులు కూర్చున్న గది నలగకుండా నిలవాలి, ఆ పని బాడీది. 65వ నంబరు హైవే మీద లారీల మధ్య నెలనెలా పోయివచ్చేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నేను మాత్రం హైవేలో ఎనభై దాటను, చీకటి పడ్డాక బయల్దేరను, వెనక కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకునేదాకా గేరు వెయ్యను.

కాబట్టి ఈరోజు నేను మళ్లీ కొనాలంటే రెండే చూస్తాను. ఒకటి కొత్త డిజైర్. 2024 నవంబరులో వచ్చిన ఈ మోడల్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్ ఐదు స్టార్లు ఇచ్చింది. ఆరు ఎయిర్‌బ్యాగులు అన్నింట్లో ఉన్నాయి, డిక్కీ 382 లీటర్లు, మెకానిక్ దొరకని ఊరు లేదు. మీ అమ్మానాన్నలు కిందికి వంగి కూర్చోగలిగితే, ఇక వెతకక్కర్లేదు, మధ్య వేరియంట్ మాన్యువల్ తీసుకోండి. రెండోది టాటా పంచ్. 2021లోనే ఐదు స్టార్లు తెచ్చుకుంది, సీటు ఎత్తుగా ఉంటుంది, తలుపులు తొంభై డిగ్రీలు బార్లా తెరుచుకుంటాయి, నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ కూడా ఎక్కువే. మా బావమరిది దగ్గర ఉంది, అమ్మ అందులో ఎవరి సాయం లేకుండా ఎక్కింది. మోకాళ్ల నొప్పులున్న ఇంటికీ, ఊళ్లో మట్టిరోడ్డు ఉన్నవాళ్లకూ నా ఓటు దీనికే. ఈ రెండింటిలోనూ మూడు సిలిండర్ల ఇంజిన్లే, ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు సీటులో సన్నటి వణుకు తెలుస్తుంది. కొంతమందికి అది పట్టదు, కొంతమందికి తలనొప్పి. నడిపి తేల్చుకోండి. బండి తొంభై శాతం సిటీలోనే, యాభై స్పీడు లోపే తిరిగేదైతే వ్యాగన్ ఆర్ ఇప్పటికీ మంచిదే. మీకు హైవే ఉంది కాబట్టి వద్దంటున్నాను.

మారుతి బాలెనో, టయోటా గ్లాంజా లోపల ఒకే కారు, బ్యాడ్జి వేరు. రెండింటిలో ఏది త్వరగా ఇస్తే, ఎవరి సర్వీస్ సెంటర్ మీ ఇంటికి దగ్గరైతే అది చూసుకోవచ్చు.

డీజిల్ ఆలోచన మానేయండి. మీ తిరుగుడుకు ఆ ధర తేడా ఎప్పటికీ గిట్టుబాటు కాదు. సీఎన్‌జీ అయితే రోజుకు అరవై, డెబ్భై కిలోమీటర్లు తిరిగేవాళ్లకు లాభం. చాలా బండ్లలో సిలిండర్ డిక్కీని మింగేస్తుంది, మూడేళ్లకోసారి దానికి పరీక్ష చేయించాలి, మీ ఊరి దారిలో పంపులు ఎక్కడున్నాయో కూడా చూసుకోవాలి.

ఆటోమేటిక్ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి, సాయంత్రం ఆరింటికి మాదాపూర్‌లో క్లచ్ తొక్కి తొక్కి ఎడమకాలు లాగినప్పుడల్లా నేను పశ్చాత్తాపపడేది దీనికే. ఈ ధరలో ఎక్కువగా దొరికేది ఏఎంటీ. లోపల మామూలు గేరుబాక్సూ, క్లచ్చే ఉంటాయి, తొక్కే పని మాత్రం యంత్రం చేస్తుంది. అందుకే చవక, అందుకే మైలేజీ తగ్గదు, అందుకే గేరు మారేటప్పుడు చిన్నగా తల ఊగుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ట్రాఫిక్ ఆగితే యాక్సిలరేటర్ మీద బండిని పట్టి ఉంచొద్దు, బ్రేకు మీదే ఉంచండి. లేకపోతే క్లచ్ ప్లేటు త్వరగా అరిగిపోతుంది. సీవీటీ, అంటే మెట్లుమెట్లుగా గేర్లు మారని ఆటోమేటిక్ కావాలంటే హోండా అమేజ్ నడిపి చూడండి. తల ఊపు అసలు ఉండదు, కాకపోతే డబ్బులు ఎక్కువ.

ధరకు వద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు కార్లకు జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ఇప్పుడు కొనేవాళ్లు అదృష్టవంతులు. కానీ మీరు పది లక్షలు అన్నది ఆన్‌రోడ్ ధరేనా? లైఫ్ ట్యాక్స్ ధరలో పన్నెండు శాతం దాటుతుంది, దాని మీద ఇన్సూరెన్సు, ఫాస్టాగ్, షోరూమ్ వాళ్లు అంటగట్టే మ్యాట్లు, కోటింగులు. కోటింగ్ వద్దని గట్టిగా చెప్పండి. ఆ డబ్బుతో ఇన్సూరెన్సులో ఇంజిన్ ప్రొటెక్షన్ వేయించుకోండి. మా పక్క ఫ్లాట్ ఆయన వానలో మోకాలి లోతు నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ మళ్లీ తాళం తిప్పారు. నీళ్లు ఇంజిన్లోకి పోయి కనెక్టింగ్ రాడ్లు వంగిపోయాయి. ఆ యాడ్-ఆన్ లేదు కాబట్టి క్లెయిమ్ ఇవ్వలేదు, లక్షకు పైగా జేబులోంచి పోయింది. నీళ్లలో ఆగితే తాళం ముట్టుకోకుండా నెట్టించుకుని బయటికి తీసుకురావాలి, ఇంట్లో బండి నడిపే అందరికీ ఇది చెప్పి ఉంచండి.

డబ్బులు చాలక పాతది చూస్తే మాత్రం, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ సింగ్ నగర్ వైపు ఎన్ని కార్లు మునిగాయో గుర్తుపెట్టుకోండి. అలా నీళ్లలో నానిన బండ్లు కడిగి, పాలిష్ పట్టి ఎక్కడెక్కడో అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద గీత అక్కడ దాక్కుంటుంది. సీట్లు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాల బోల్టులకు తుప్పు ఉందేమో, స్టెప్నీ గుంతలో ఒండ్రు ఉందేమో చెయ్యి పెట్టి చూడండి.

టెస్ట్ డ్రైవ్‌కు ఇంటిల్లిపాదీ వెళ్లండి. వాళ్లు ఎప్పుడూ నున్నటి రోడ్డు మీదే ఒక చుట్టు తిప్పి తెస్తారు. మీరు మీ వీధిలోకి రమ్మని అడగండి. ఐదుగురు కూర్చుని ఉండగా మీ సందులోని స్పీడ్ బ్రేకర్ కింద గీసుకుంటుందా, మధ్యాహ్నం రెండింటికి ఎండలో నిలబెట్టిన బండి ఏసీ ఎన్ని నిమిషాల్లో వెనక సీటును చల్లబరుస్తుంది, మీ పార్కింగ్‌లో పెట్టాక నాన్నగారు తలుపు పూర్తిగా తెరవగలరా, ఇవి మీ చోటే తెలుస్తాయి. పాపకు చైల్డ్ సీటు ఇప్పటికే ఉంటే అదీ తీసుకెళ్లి వెనక సీట్లో దానికోసం ఉండే ఐసోఫిక్స్ కొక్కేలకు తగిలించి చూడండి.

డెలివరీ విషయంలో ఒక జాగ్రత్త. ముహూర్తం సాయంత్రం ఉందని చీకట్లో బండి తీసుకోవద్దు. రిజిస్ట్రేషన్ కాకముందే పగటిపూట వెళ్లి, ఎండలో నిలబెట్టి పెయింటు చూడండి. టైరు పక్కన చివరి నాలుగంకెలు ఏ వారం, ఏ ఏడాది తయారైందో చెబుతాయి, నాలుగు టైర్లూ, స్టెప్నీ ఒకే కాలానివో కాదో సరిచూడండి. ఏదైనా తేడా కనిపిస్తే ఇన్సూరెన్సు కట్టకముందే, ఇంకో బండి ఇవ్వమని అక్కడే అడగండి. నంబరు పడ్డాక మార్చరు.