ఈ వయసులో మెల్లకన్నుకి వైద్యం ఉందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్లండి, మాది సఖినేటిపల్లి. చిన్నప్పట్నుంచీ ఎడమకన్ను లోపలికి తిరిగుంటుంది, మా అమ్మమ్మేమో మెల్లకన్ను అదృష్టం రా అని డాక్టర్‌కి చూపించనివ్వలేదు. నరసాపురం వెళ్దామని గోదావరి దాటించే పంటు ఎక్కేటప్పుడు రేవుకీ దానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో అంచనా దొరక్క కాలు తడబడుతుంది, షాపులోనేమో నేను మాట్లాడుతుంటే కస్టమర్లు ఎవరితోనా అని వెనక్కి తిరిగి చూస్తారు. ఇప్పుడు ఆపరేషన్ చేస్తారా, చూపొస్తుందా? యూట్యూబ్‌లో చూపించే కంటి ఎక్సర్‌సైజులు చేస్తే సరిపోతుందా?

జవాబు: చేస్తారండి, దీనికి వయసు దాటిపోవడం అంటూ లేదు. పెద్దాళ్లకి అందం కోసమేలే అని కొట్టిపారేసేవాళ్ల మాట పట్టించుకోకండి. కంటిని తిప్పే కండరాల్ని బయటనుంచే సడలించో బిగించో కన్ను సరిచేస్తారు, కంటి లోపలికి వెళ్లరు, ఒక్కోసారి రెండోసారి కూడా చెయ్యాల్సి రావచ్చు. అయితే కన్ను తిన్నగా అవడం వేరు, చూపు రావడం వేరు. చిన్నప్పుడే మెదడు ఆ కన్నుని పక్కన పెట్టేసుంటే, అదే లేజీ ఐ, ఆపరేషన్‌తో ఆ కంటి చూపు పెరగదు, దూరం అంచనా మాత్రం కొందరికి కొంత మెరుగవుతుంది. ముందు అద్దాల పవర్ చూపించుకుని, మెల్లకన్ను స్పెషలిస్టు దగ్గర కన్ను ఎంత తిరిగిందో ప్రిజం అనే గాజుముక్కతో కొలిపించుకోండి, విజయవాడ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో కనుక్కోవచ్చు. యూట్యూబ్ ఎక్సర్‌సైజులంటారా, దగ్గర వస్తువు చూసేటప్పుడు రెండు కళ్లూ కలవనివాళ్లకి పనికొస్తాయి గానీ మీ మెల్లకి వాటిని నమ్ముకుని కూర్చోకండి. ఇంకోటి, మీకు కాదు గానీ ఇంట్లో షుగరో బీపీయో ఉన్న పెద్దాళ్లకి ఉన్నట్టుండి మెల్లొచ్చి ఒకటి రెండుగా కనబడితే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.